రొయ్యల గుంటల డబ్బుతో పర్యావరణం చదవొచ్చా?

నెల్లూరు జిల్లా తీరంలోని ఒక ఊరి నుంచి, ఈ ఏడాదే డిగ్రీ పూర్తి చేసిన అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ తెలిసిపోయే వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

తనది బీజెడ్‌సీ (బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ). వాళ్ల నాయనకు కొంత సొంత భూమిలోనూ, కొంత కౌలు భూమిలోనూ రొయ్యల గుంటలున్నాయి. తొంభైల్లో తాత రొయ్యలేసి, వైట్ స్పాట్ వైరస్ దెబ్బకు పొలం అమ్ముకున్నాడు. వనామీ రకం రొయ్య వచ్చాక నాయన మళ్లీ మొదలుపెట్టి, పాత అప్పులు తీర్చి, పెద్దకూతురి పెళ్లి చేసి, ఈ అమ్మాయిని నెల్లూరులో హాస్టల్లో ఉంచి చదివించాడు. డిగ్రీలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకు తను ఊరి తాగునీటిని ఎంచుకుంది. గుంటల పక్కనున్న కాలనీలో చేతిపంపులు, బోర్ల నీళ్లను టీడీఎస్ మీటరుతో చూసింది. కరిగిన లవణాలు చాలావాటిలో లీటరుకు 2000 మిల్లీగ్రాములు దాటాయి. ‘రొయ్యల గుంటల వల్లే భూగర్భజలం ఉప్పుబారింది’ అని రిపోర్టులో రాసింది. లెక్చరర్లు మెచ్చుకున్నారు. అదే ఊరి కుర్రాడొకడు ఆ పేజీని ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. మర్నాడు టీ అంగడి దగ్గర పక్క గుంటల వాళ్లు ‘మీ పాప చదువుకోని మన పొట్ట మీదే కొడతా ఉందే’ అని నాయనను అడిగారు. ఆయన ఇంటికొచ్చి కేకలేయలేదు. అన్నం తినకుండా గుంటల దగ్గరికి వెళ్లి పడుకున్నాడు. తర్వాత ఒకరోజు, ‘బీఈడీ చేసి టీచరువి కా. ఆ ఎన్విరాన్‌మెంటు గోల మనకొద్దు’ అన్నాడు.

అమ్మాయేమో ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చదవాలని పీజీసెట్ రాసింది. విశాఖలోనో తిరుపతిలోనో సీటు వస్తుందని ఆశ. ఆ కోర్సుకు ఉద్యోగాల్లేవని మామయ్య అంటున్నాడు. అమ్మ ఇద్దరి మధ్యా నలిగిపోతోంది. ఉత్తరం చివర ఇలా అడిగింది: ‘నేను తినే అన్నం, కట్టే ఫీజు ఆ గుంటల నుంచే వస్తున్నాయి. ఆ డబ్బుతోనే ఆ గుంటలు తప్పని చెప్పే చదువు చదివితే నాయనకు ద్రోహం చేసినట్టు కాదా? చదవకపోతే కాలనీ వాళ్లకు ద్రోహం చేసినట్టు కాదా?’

అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఏం చదవాలన్నది ఒక విషయం. ఆ నీళ్ల సంగతి ఏం చేయాలన్నది ఇంకో విషయం. టీ అంగడి దగ్గర ఆ మాట పడిన రోజు నుంచి ఈ రెండూ నీ మనసులో ముడిపడిపోయాయి. ముందు వాటిని విడదీద్దాం.

నీ రిపోర్టుతో మొదలుపెడతాను. ఇది నీకు కొంచెం బాధ కలిగించవచ్చు. నువ్వు కొలిచిన అంకె నిజం. దాని కింద రాసిన వాక్యానికి మాత్రం ఇంకా రుజువు లేదు. టీడీఎస్ మీటరు నీళ్లలో కరిగిన లవణాలు మొత్తం ఎంతో చెబుతుంది, అదీ విద్యుత్ వాహకతను బట్టి వేసే అంచనా. ఆ లవణం ఏదో, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పదు. మీ తీరంలో ఉప్పు రావడానికి దారులు చాలా ఉన్నాయి. గుంటల్లోని ఉప్పునీరు ఇసుక నేలలోకి ఇంకుతుంది, నిజమే. బకింగ్‌హామ్ కాలువలో పోటు నీళ్లు వస్తాయి. కొన్నిచోట్ల ఉప్పు మడులున్నాయి. వీటన్నిటికీ తోడు, సముద్రం పక్క ఊళ్లలో భూమిలోని మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. పైనుంచి బోర్లతో తోడేకొద్దీ కింది ఉప్పునీరు పైకి వస్తుంది. ఆ తోడేది గుంటలకు కావచ్చు, వరికి కావచ్చు, ఇళ్లకు కావచ్చు.

మీ ఊళ్లో వీటిలో ఏది ఎంత అన్నది తేలాలంటే గుంటల నుంచి దూరం పెరిగేకొద్దీ వరుసగా బావులు ఎంచుకోవాలి. కాలువ వైపు నుంచి ఇంకో వరుస. మే నెలలో ఒకసారి నీళ్లు తీయాలి, ఈశాన్య రుతుపవనాల వానలు పడి తగ్గాక జనవరిలో ఇంకోసారి. నెల్లూరుకు పెద్ద వానలు అక్టోబరు, డిసెంబరు మధ్యే కదా, ఎండాకాలం ఒక్కసారి చూసిన నీళ్లను బట్టి ఏడాదంతా అలాగే ఉంటుందనుకోలేం. ప్రతి శాంపిల్‌లోనూ క్లోరైడు విడిగా కట్టాలి. డిగ్రీ ల్యాబులో నువ్వు చేసే ఉంటావు: సిల్వర్ నైట్రేటు చుక్క చుక్కగా పడుతుంటే పసుపుగా ఉన్న నీళ్లు ఒక్క చుక్కకు ఇటుక రంగులోకి తిరుగుతాయే, ఆ టైట్రేషన్. దాంతోపాటు ప్రతి బావిలో నీటిమట్టం కూడా రాసుకోవాలి. ఇదంతా చేశాక ‘గుంటల వల్లే’ అని తేలవచ్చు, ‘గుంటల వల్ల కొంత’ అని తేలవచ్చు. ఎమ్మెస్సీ నాలుగో సెమిస్టరు ప్రాజెక్టుకు సరిగ్గా సరిపోయే పని ఇది.

ఇలా అన్నానని గుంటల తప్పేమీ లేదని అర్థం చేసుకోకు. రొయ్యల సాగు వల్ల తీరంలో తాగునీటి బావులు ఉప్పుబారడం గురించి సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో ఇచ్చిన తీర్పులోనే వివరంగా ఉంది. సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన కేసు అది. దాని తర్వాతే 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. మీ ఊరి పెద్దలకు ఆ రోజులు బాగా గుర్తుండే ఉంటాయి. ఒక పక్క వైట్ స్పాట్, ఇంకో పక్క గుంటలు పూడ్చేయాలన్న కోర్టు ఉత్తర్వులు. టీ అంగడి దగ్గర ఆ మాట అన్నవాళ్ల కోపంలో ఈ పాత భయం ఉంది. నీ రిపోర్టు చూసి వాళ్లకు మళ్లీ ఆఫీసర్లు, నోటీసులు కళ్ల ముందు కదిలాయి.

ఇక కాలనీ వాళ్ల సంగతి. దీనికి నువ్వు ఎమ్మెస్సీ అయ్యేదాకా ఆగనక్కర్లేదు. తాగునీటి ప్రమాణాల ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకపోవడం మంచిది. వేరే నీళ్లు దొరకని చోట 2000 వరకు ఒప్పుకుంటారు. అంతకు మించితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. ఎవరి వల్ల అలా అయ్యాయన్నది తేలడానికి రెండేళ్లు పట్టవచ్చు, వాళ్లకు మంచినీళ్లు కావలసింది ఇప్పుడు. నీ అంకెలు కాలేజీ ఫైల్లో ఉన్నాయి, వాట్సాప్‌లో ఉన్నాయి. ఆ పంపు కొట్టుకుని నీళ్లు పట్టుకునే ఆడవాళ్లకు ఎవరైనా చదివి చెప్పారా? నీ ఉత్తరంలో ఆ మాట లేదు. ముందు వాళ్ల దగ్గరికి వెళ్లు. ఏ పంపులో ఎంత వచ్చిందో చెప్పు. తర్వాత మండలంలో ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా) ఆఫీసుకు శాంపిళ్లు ఇప్పించి వాళ్ల ల్యాబులో పరీక్ష చేయించమని అడగండి. ఆ రిపోర్టు జతచేసి, కాలనీ వాళ్ల సంతకాలతో, సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వొచ్చు. ‘మా పంపుల్లో నీళ్లు ఉప్పగా ఉన్నాయి, మాకు పైపులైను కావాలి’ అంటే చాలు. అందులో గుంటల పేరు రానక్కర్లేదు. ఇది దాచిపెట్టడం అవుతుందని నువ్వు అనుకోవచ్చు. కారణం తేలనప్పుడు కారణం రాయకపోవడం దాచిపెట్టడం ఎలా అవుతుంది? రేపు నువ్వు సరిగ్గా కొలిచి, గుంటల వల్లేనని తేలితే అప్పుడు రాయాల్సిందే. ఆ రోజు నాయన ముఖం చూసి అంకె మార్చకూడదు. ఈ చదువులోకి రావాలంటే ఆ ఒక్క విషయంలో ఇప్పుడే గట్టిగా ఉండాలి.

ఇప్పుడు నాయన. ద్రోహం అని పెద్ద మాట వాడావు. ఆయన గుంటల మీద సంపాదించి నిన్ను చదివించింది గుంటల గురించి మంచి మాటలే చెబుతావని కాదు కదా. ఊళ్లో నలుగురి ముందు తల దించుకోవాల్సి వచ్చిందన్నదే ఆయన బాధ. అది చిన్న బాధేం కాదు. తాత పొలం పోగొట్టుకున్న ఇంట్లో, మళ్లీ అదే సాగుతో నిలబడ్డ మనిషాయన. ఆయనకు ఎవరో పరాయివాడు చెప్పే ముందు నువ్వే ఆ రిపోర్టు చూపించి ఉంటే బాగుండేది. జరిగిపోయింది. ఇప్పుడైనా రిపోర్టు పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లు. ‘నాయనా, నీళ్లు ఉప్పగా ఉన్నాయన్నది నిజం. మన గుంటల వల్లేనని రాసింది మాత్రం నేను తొందరపడి రాశాను’ అని చెప్పు. అది నిజం కాబట్టి నీకు తలవంపులేమీ లేవు. ఆయనకు టీ అంగడి దగ్గర చెప్పుకోవడానికి ఒక మాట దొరుకుతుంది.

ఈ మాటలు అన్నం దగ్గర వద్దు, అమ్మను మధ్యవర్తిని చేయొద్దు. పొద్దున్నే గుంట దగ్గరికి వెళ్లు. చెక్ ట్రే పైకి లాగి మేత మిగిలిందా లేదా, రొయ్య పేగు నిండుగా కనబడుతోందా అని చూస్తాడు కదా, ఆ టైములో పక్కన నిలబడు. రిఫ్రాక్టోమీటరు మీద చుక్క వేసి, కంటికి ఆనించి, నీలమూ తెలుపూ కలిసే గీత ఎక్కడుందో చూసి ఉప్పదనం చెప్పేది ఆయనే. పీహెచ్, అమ్మోనియా, ఆల్కలినిటీ ఈ మాటలు మీ ఇంట్లో నీకంటే ముందు ఆయన నోట్లో పలికినవి. ‘ఎండాకాలం సెలినిటీ ఎంత పెరుగుతుంది నాయనా? వానలకు ఎంత పడిపోతుంది? పక్కవాళ్లకు జబ్బొచ్చి నీళ్లు వదిలినప్పుడు మనం ఏం చేస్తాం?’ అని అడుగు. చివరి ప్రశ్న ముఖ్యం. అందరూ ఒకే కాలువలోకి నీళ్లు వదిలి, అదే కాలువలోంచి తోడుకుంటున్నప్పుడు ఒక గుంటలో వైరస్ వస్తే మిగతా గుంటలకు చేరడానికి ఎంతసేపు? కాలువ నీళ్లు పాడైతే కాలనీ కంటే ముందు నష్టపోయేది మీ నాయనే. రొయ్యల పట్టుబడి తర్వాత నీళ్లను నేరుగా కాలువలోకి వదలకుండా ఒక గుంటలో నిలబెట్టి, మడ్డి దిగాక వదలడం లాంటివి పర్యావరణ శాస్త్రంలో పాఠాలు, రొయ్యల రైతుకు రోజువారీ అవసరాలు. అలాగే, మీ గుంటలకు ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో మెల్లగా అడుగు. లేకపోతే ఆయన భయానికి అది కూడా ఒక కారణం కావచ్చు. ఆ కాగితం పని ఎక్కడ ఆగిందో కనుక్కుని నువ్వు సాయం చేస్తే, నీ చదువు ఇంటికి శత్రువు కాదని ఎవరూ చెప్పకుండానే ఆయనకు తెలుస్తుంది.

చదువు సంగతికి వద్దాం. మామయ్య మాటను కొట్టిపారేయకు. ఆయన చెప్పిందాంట్లో సగం నిజముంది, ఆ సగం నీకు కాలేజీలో ఎవరూ చెప్పి ఉండరు. ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చేస్తే జూనియర్ లెక్చరర్ కాలేవు, ఎందుకంటే ఇంటర్లో బాటనీకి, జువాలజీకి, కెమిస్ట్రీకి లెక్చరర్ పోస్టులుంటాయి గానీ దీనికి ఉండవు. కాలుష్య నియంత్రణ మండలిలో ఇంజినీరు పోస్టులకు ఇంజినీరింగ్ డిగ్రీ అడుగుతారు. పేరులో ‘ఎన్విరాన్‌మెంటల్’ ఉంది కదా అని చాలామంది మోసపోయేది ఇక్కడే. అదే మండలిలో సైన్స్ పీజీ వాళ్లకు అనలిస్టు పోస్టులుంటాయి, కానీ అవి కొద్దిగా, ఎప్పుడో ఒకసారి పడతాయి. ఏపీపీఎస్సీ పాత నోటిఫికేషన్లు దించుకుని, అర్హత అని రాసిన పేరాను మాత్రం పెన్ను పట్టుకుని చదువు. నీ డిగ్రీ పేరు అక్షరాలా అందులో ఉందో లేదో చూడు. అటవీ సర్వీసు మీద ఆశ ఉంటే, దానికి నీ బీజెడ్‌సీతోనే అర్హత వచ్చేసింది, ఎమ్మెస్సీ ఏదైనా ఒకటే.

మిగతా సగం మామయ్యకు తెలియదు. ఈ సబ్జెక్టుకు యూజీసీ నెట్ విడిగా ఉంది. గేట్‌లో కూడా 2021 నుంచి ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ పేపరు పెట్టారు. నెట్ ద్వారా ఇచ్చే పరిశోధక ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) వస్తే నెలకు 37,000 రూపాయలతో పీహెచ్‌డీ చేసుకోవచ్చు, నాయన డబ్బు అడగనక్కర్లేదు. ప్రైవేటులో చూస్తే కృష్ణపట్నం దగ్గర థర్మల్ కేంద్రాలు, నూనె ఫ్యాక్టరీలు ఉన్నాయి. అటు ప్రకాశంలో చీమకుర్తి గ్రానైటు క్వారీలున్నాయి. గాలి, నీళ్లు, దుమ్ము క్రమం తప్పకుండా కొలిచి కాగితం మీద పెట్టాల్సిన పని ఇలాంటి చోట్లన్నిటా ఉంటుంది. టెస్టింగ్ ల్యాబులు, 2006 నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ ప్రభావ అంచనా రిపోర్టులు తయారుచేసే కన్సల్టెన్సీలు మనుషుల్ని తీసుకుంటాయి. మొదట్లో జీతం తక్కువ, తిరుగుడు ఎక్కువ. ఇంకొకటి కూడా ఆలోచించుకో. ఆ రిపోర్టుకు డబ్బిచ్చేది అనుమతి కోరే కంపెనీయే. కాబట్టి నీకిప్పుడు ఇంట్లో ఉన్న ఇరకాటమే అక్కడ ఉద్యోగంగా ఎదురవుతుంది, ప్రతి ప్రాజెక్టులోనూ. నాయన విషయంలోనే ఇంత నలిగిపోతున్న మనిషివి, దాన్ని తట్టుకోగలవా అని నిన్ను నువ్వు అడుగు. నలిగిపోయే వాళ్లే ఆ పనిలో ఉండాలని నా అభిప్రాయం. కానీ ఆ బరువు మోయాల్సింది నువ్వు.

అందుకని నీ ముందున్న దారుల్లో రెండో దాన్ని కూడా గట్టిగా చూడమంటాను. ఎమ్మెస్సీ జువాలజీ లేదా కెమిస్ట్రీ తీసుకుని, ప్రాజెక్టు నీళ్ల మీద చేసి, పీహెచ్‌డీలో పర్యావరణం వైపు రావచ్చు. అప్పుడు లెక్చరర్ దారి తెరిచే ఉంటుంది. చట్టాలు, జీఐఎస్ (కంప్యూటరు మ్యాపుల పని), ప్రభావ అంచనా, వ్యర్థాల నిర్వహణ లాంటివి మాత్రం క్లాసులో రావు, నీ అంతట నువ్వు నేర్చుకోవాలి. నెల్లూరు వదలలేని పరిస్థితి వస్తే విక్రమ సింహపురి యూనివర్సిటీలో మెరైన్ బయాలజీ కూడా ఉంది. మీ నాయనకు అర్థమయ్యే, చెప్పుకోవడానికి ఇబ్బంది లేని పేరు అది. నువ్వు చేయాలనుకున్న పనికి దూరమూ కాదు.

బీఈడీని శిక్షలాగా చూడకు. స్కూల్ అసిస్టెంట్ బయలాజికల్ సైన్స్ పోస్టు మంచి ఉద్యోగం, తీరం ఊళ్లో సైన్స్ టీచరు పిల్లల చేత ఊరి నీళ్లు పరీక్ష చేయించడం కంటే పెద్ద పర్యావరణ పాఠం ఏముంటుంది? నాయన కోరిందీ తప్పు కాదు. కానీ అలిగి చేరితే రెండేళ్లూ మనసు పెట్టలేవు, తర్వాత డీఎస్సీ కోసం ఏళ్లు ఎదురుచూసేటప్పుడు ఆ కోపమంతా నాయన మీదికే పోతుంది. నీకు నువ్వుగా ఇష్టపడితేనే ఆ దారి. ఒక ఏడాది ఆగి, దగ్గర్లోని ఆక్వా ల్యాబులో పనిచేసి, వచ్చే ఏడాది పాండిచ్చేరి లాంటి సెంట్రల్ యూనివర్సిటీలకు సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్ష రాయడం కూడా ఉంది. ల్యాబులో చేయి తిరుగుతుంది, రొయ్యల రైతుల బాధలు దగ్గరగా వింటావు. అయితే మనవైపు ఆడపిల్ల ఏడాది ఇంట్లో ఉంటే పెళ్లి సంబంధాల మాట వస్తుంది. అది తెలిసి ఆగు.

నాయన ఎంత చెప్పినా ఒప్పుకోకపోతే? అక్కాబావల సాయంతోనో, స్కాలర్‌షిప్పుతోనో వెళ్లొచ్చు. వెళ్లిన ఆడపిల్లలున్నారు, నిలబడ్డవాళ్లూ ఉన్నారు. దానికి మూల్యం అమ్మ చెల్లిస్తుంది. ఇంట్లో రోజూ ఆ కోపాన్ని భరించేది ఆమె కాబట్టి వెళ్లే ముందు ఆమెను ఒక్కదాన్నే కూర్చోబెట్టుకుని అడుగు. ఇన్ని పేజీల ఉత్తరంలో అమ్మకు ఏం కావాలో ఒక్క వాక్యం లేదు.

ఫలితాలు రాగానే వెబ్ ఆప్షన్ల గడువు తక్కువే ఉంటుంది, నాయనతో మాట ఆ లోపలే కావాలి. ఆప్షన్లు పెట్టేటప్పుడు ఎన్విరాన్‌మెంటల్ సైన్స్, జువాలజీ రెండూ పెట్టుకో. రెగ్యులర్ సీటా, సెల్ఫ్ ఫైనాన్స్ సీటా అన్నది ఒక్కొక్క దానికీ చూడు, ఫీజులో తేడా చాలా ఉంటుంది. విశాఖ, తిరుపతిలతో పాటు నాగార్జున, యోగి వేమన యూనివర్సిటీల్లో కూడా ఈ కోర్సు ఉంది. ఎక్కడ చేరేముందైనా అక్కడి సీనియర్లను పట్టుకుని, ల్యాబులో పరికరాలు పనిచేస్తున్నాయా, ఫీల్డుకు తీసుకెళ్తారా, గత రెండేళ్లలో చదివినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారని అడుగు. జవాబులు నాయనకు కూడా చెప్పు.